ఆ మూడొందల మాటల్లో మన ఊరెక్కడ?

పెద్ద లా ఫర్మ్‌లో ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు నింపే విద్యార్థికి మార్కులు, మూట్ కోర్టులు, ఇంటర్న్‌షిప్‌ల గడులు దాటాక ఒక ఖాళీ గడి ఎదురవుతుంది. న్యాయవాద వృత్తే ఎందుకు? అందులోనూ కంపెనీల పనే ఎందుకు? మా సంస్థే ఎందుకు? మూడు ప్రశ్నలకూ కలిపి రెండొందల యాభయ్యో మూడొందలో మాటలు ఇస్తారు. మిగతా గడులన్నీ ఏం చేశావని అడుగుతాయి. ఇదొక్కటే నువ్వెవరని అడుగుతుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు నుంచి లా చదవడానికి వెళ్లిన పిల్లలు చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే.

వాళ్ల దగ్గర చెప్పడానికి బోలెడుంది. దాన్నే దాచేస్తున్నారు.

అలా దాచేసి ఆ గడిలో రాసే లేఖ ఎలా ఉంటుందో ఈ దారిలో నడిచిన ఎవరికైనా తెలుసు. చిన్నప్పటి నుంచి న్యాయమంటే మక్కువ అని మొదలవుతుంది. సవాళ్లను స్వీకరించడం నా స్వభావం అని సాగుతుంది. అంతర్జాతీయ ఖ్యాతి గడించిన మీ సంస్థలో నేర్చుకునే అవకాశం కోసం ఎదురుచూస్తున్నానని ముగుస్తుంది. అందులో సంస్థ పేరు కొట్టేసి ఇంకో సంస్థ పేరు రాసినా చెల్లుతుంది. విద్యార్థి పేరు కొట్టేసి పక్క బెంచీ వాడి పేరు రాసినా చెల్లుతుంది. ఊరి సంగతి వస్తే 'ఆంధ్రప్రదేశ్‌లోని ఒక చిన్న పట్టణం' అంటారు. మార్కాపురం అని కూడా రాయరు. ఇప్పుడైతే యంత్రాన్ని అడిగితే ఇలాంటి లేఖ అరనిమిషంలో వస్తోంది. కాబట్టి దాని విలువ ఇంకా పడిపోయింది. వందల దరఖాస్తులు చదివే మనిషి కన్ను మొదటి రెండు లైన్ల మీద ఆగి, జారిపోతుంది.

ఎందుకు దాస్తారన్నది అర్థం చేసుకోలేనంత కష్టమైన విషయం కాదు. తెలుగు మీడియంలో చదివామన్న బెరుకు. యాస బయటపడుతుందన్న భయం. నగరం పిల్లలు తాతల నాటి నుంచి లాయర్లమని చెప్పుకుంటుంటే, మా నాన్న ఆడతిలో గుమాస్తా అనో, మా అమ్మ పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తుందనో చెప్పడానికి నోరు రాకపోవడం. ఆ బెరుకును చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. కానీ దానివల్ల పోతున్నదేమిటో ఈ పిల్లలకు గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. ఆ గడిలో రాయడానికి కావలసిన ముడిసరుకు పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో ఉన్నంతగా చాలా చోట్ల లేదు.

రిజిస్ట్రార్ ఆఫీసు ముందు నేర్చుకున్నది

గిద్దలూరులోనో మార్కాపురంలోనో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఒక పూట నిలబడి చూడండి. రెండెకరాలు కొనడానికి వచ్చిన రైతు ముందు ఈసీ, అంటే ఆ భూమి పాత లావాదేవీల ధ్రువపత్రం, తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. 1బీలో పేరు, అడంగల్‌లో సాగుదారు, పాసుపుస్తకంలో విస్తీర్ణం ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని డాక్యుమెంట్ రైటర్ చేత చదివించుకుంటాడు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకుంటాడు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు కనబడితే బేరం అక్కడే ఆగిపోతుంది. ఆ చుక్కల భూముల చిక్కు విప్పడానికే రాష్ట్రం 2017లో ప్రత్యేకంగా చట్టం చేసింది. చివరగా అమ్మేవాడి అక్కచెల్లెళ్లు వచ్చి సంతకాలు పెడతారా అని ఆరా తీస్తాడు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా దేశమంతటికీ 2005లో వచ్చింది. మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది. ఆ రైతు ఏ లా కాలేజీ గడపా తొక్కలేదు.

ముంబయి కంపెనీ ఒకటి సోలార్ ప్లాంటు కోసం వెయ్యెకరాలు లీజుకు తీసుకుంటుందనుకుందాం. దాని తరఫున లా ఫర్మ్‌లో మొదటేడు ట్రైనీ కూర్చుని చేసేది అచ్చంగా ఈ పనే. దానికి టైటిల్ డ్యూ డిలిజెన్స్ అని పేరు. ముప్పయ్యేళ్ల ఈసీలు ముందేసుకుని, వారసత్వం ఎక్కడ తెగిందో, ఏ సర్వే నంబరు ప్రభుత్వ భూమిలోకి పోయిందో, ఎవరి సంతకం తగ్గిందో పట్టిక కట్టి పైవాళ్లకు ఇవ్వాలి. నగరంలో పెరిగిన కుర్రాడికి అడంగల్ అంటే ఏమిటో అక్కడే మొదటిసారి తెలుస్తుంది. అర్ధవీడు నుంచి వెళ్లిన అమ్మాయికి అది ఇంట్లో బీరువాలో చూసిన కాగితం. ఈ తేడాను ఆమె తన లేఖలో రాయకపోతే మరెక్కడ రాస్తుంది?

ఇక అప్పు కాగితం సంగతి. మార్కాపురం కోర్టులో నోటు కేసులు ఎన్ని నడుస్తుంటాయో ఆవరణలో ఏ గుమాస్తానడిగినా చెబుతాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసుకున్నారనుకోండి. దావా వేయడానికి గడువు మూడేళ్లు. రెండేళ్ల పది నెలలు గడిచేసరికి అప్పిచ్చిన షావుకారు కబురు పెడతాడు. 'ఎంతో కొంత కట్టి చెల్లు రాసిపోరా అబ్బాయ్' అంటాడు. అప్పు తీసుకున్నవాడు వచ్చి వెయ్యో రెండు వేలో కడతాడు. నోటు తిరగేసి, వెనక తేదీ వేసి, ఫలానా మొత్తం చెల్లించానని తన చేత్తోనే రాసి సంతకం పెడతాడు. ఆ ఒక్క లైనుతో నోటుకు మళ్లీ మూడేళ్ల ఆయుష్షు వస్తుంది. గడువు తీరకముందే కట్టిన సొమ్ముకు కట్టినవాడి రాత గానీ సంతకం గానీ ఉంటే కట్టిన రోజు నుంచి కొత్త గడువు మొదలవుతుందని 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. షావుకారుకు సెక్షన్ నంబరు తెలియకపోవచ్చు. పని తెలుసు.

ఇదే సూత్రం మీద వేల కోట్ల తగాదాలు నడుస్తున్నాయి. 2016లో దివాలా చట్టం వచ్చాక, గడువు దాటిన బకాయిల మీద బ్యాంకులు ట్రైబ్యునల్‌కు రావచ్చా అన్న వివాదం తలెత్తింది. కంపెనీ తన బ్యాలెన్స్ షీట్‌లో అప్పును చూపించిందంటే అప్పు ఉందని ఒప్పుకొన్నట్టేనా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. 2021 ఏప్రిల్‌లో బిషాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆ పద్దుతో పాటు ఉన్న షరతులు, ఆడిటర్ వివరణలను కూడా చూసి తేల్చాలి గానీ, బ్యాలెన్స్ షీట్ రాత అప్పును ఒప్పుకోవడం కాగలదని చెప్పింది. 18వ సెక్షన్ కింద వచ్చిన ఆ తీర్పుకూ, నోటు వెనక రాసిన చెల్లుకూ మధ్య ఉన్న చుట్టరికాన్ని ఆడతిలో పెరిగిన పిల్లవాడు ఒక పేరాలో చెప్పగలిగితే, బ్యాంకింగ్ విభాగం నడిపే పార్ట్‌నర్ ఆ కాగితాన్ని పక్కన పెట్టలేడు.

పలక రాయి కూడా అంతే. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరాలున్నాయి. బడి పలక వాడకం తగ్గాక ఆ రాయే గోడలకు, నేలకు డిజైన్ పలకలుగా ఎగుమతి దారి పట్టింది. దిమ్మ అంచున ఉలి ఆనించి సుత్తితో తట్టి పొర విడదీసే పనివాడి పక్కన నిలబడితే సన్నటి బూడిదరంగు దుమ్ము చొక్కా మీద పడుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్ జబ్బు 1923 నాటి కార్మిక పరిహార చట్టం షెడ్యూల్‌లోనే వృత్తి వ్యాధిగా నమోదైంది. గని లీజు సంగతి చూస్తే, 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించినప్పుడు అందులో పలక రాయి కూడా ఉంది. దాంతో లీజు నిబంధనలు, సీనరేజి నిర్ణయించే అధికారం రాష్ట్రానికి వచ్చింది. కార్మిక చట్టం, గనుల చట్టం, ఎగుమతి ఒప్పందం, బ్యాంకు రుణం అన్నీ ఒకే క్వారీ చుట్టూ తిరుగుతాయి. వ్యాపారాన్ని అర్థం చేసుకునే చూపు మీలో ఉందా అని సంస్థలు పదేపదే అడుగుతాయి. ఆ చూపు కోసం ఆర్థిక పత్రికలు తిరగేసే పిల్లలు తమ ఊరి చివరి క్వారీని మర్చిపోతున్నారు. క్వారీ ఒక్కటే కాదు, కనిగిరి దగ్గర దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. అలాంటి ప్లాంటుకు భూమి ఎలా వస్తుంది, గ్యాస్ తయారీకి కావలసిన పచ్చిమేత సరఫరాకు రైతుతో ఒప్పందం ఎలా ఉండాలి, వాన పడని ఏడు ఆ ఒప్పందం ఏమవుతుంది? ఈ ప్రశ్నలు ఇక్కడి పిల్లలకు తట్టినంత సులువుగా గురుగ్రామ్ పిల్లలకు తట్టవు.

ప్రకాశం పంతులు జవాబు

ప్రకాశం జిల్లాకు ఎవరి పేరుందో ఆయన జీవితంలోనే దరఖాస్తులోని 'ఎందుకు' ప్రశ్నకు మంచి జవాబు దొరుకుతుంది. టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆయన చదువుకుని రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు. ప్రాక్టీసు బాగా సాగింది, మున్సిపల్ చైర్మన్ కూడా అయ్యారు. అయినా సెకండ్ గ్రేడ్ ప్లీడరు పై కోర్టుల్లో వాదించడానికి వీల్లేదు. కింది కోర్టులో తను నడిపిన కేసు అప్పీలుకు వెళ్తే ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. పనిమీద మద్రాసు వెళ్లినప్పుడు ఆయన తెలివిని గమనించిన ఒక బారిస్టరు, మీరూ బారిస్టరు కావచ్చు కదా అన్నారు. 1904లో, ముప్పయ్యేళ్లు దాటాక, ఇంగ్లండ్ ఓడెక్కారు. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో బారిస్టరుగా నిలబడ్డారు.

బారిస్టరు కావాలని ఎందుకనుకున్నావని ఆయన్ని అడిగితే న్యాయమంటే మక్కువ అని చెప్పాల్సిన పని లేదు. తను చేస్తున్న పని ఏ మెట్టు దగ్గర ఆగిపోతోందో ఆయనకు అనుభవంలో తెలుసు. పై మెట్టు ఎక్కడానికి ఏం కావాలో తెలుసు. అందుకోసం ఏం వదులుకున్నారో నలుగురికీ కనబడుతోంది. దరఖాస్తు చదివేవాళ్లు వెతికేది ఈ మూడే. ఏం చూశావు, చూశాక ఏం చేశావు, ఇంకా ఏం చేయాలంటే మా దగ్గరికి రావాల్సి వచ్చింది? ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడితే మక్కువ అన్న మాట లేకుండానే మక్కువ కనబడుతుంది. మధ్యది లేకపోతే మొదటిది ఉత్త జ్ఞాపకం, చివరిది ఉత్త కోరిక.

ఆ ప్రకాశమే 1921లో సహాయ నిరాకరణ పిలుపుకు స్పందించి బ్రహ్మాండమైన ప్రాక్టీసును వదిలేశారు. ఇవాళ రాసిన కారణానికి జన్మంతా కట్టుబడి ఉండాలేమోనని భయపడే పిల్లలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవచ్చు. రాసిన రోజున అది నిజమైతే చాలు. కె.బాలగోపాల్ కథ ఇంకో తీరు. ఆయన కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పినవారు. పౌరహక్కుల ఉద్యమంలో ఏళ్ల తరబడి పల్లెలు తిరిగి, ఆ తర్వాత లా చదివి కోర్టుకెక్కారు. కారణం ముందు పుట్టి, పట్టా తర్వాత వచ్చింది.

ట్రైనీ అంటే ఎవరు?

ఇక్కడ కొన్ని విషయాలు సూటిగా చెప్పాలి. మనకు తెలిసిన దారి వేరు. పట్టా చేతికొచ్చాక ఊళ్లోనో ఒంగోలులోనో సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరడం, కేసు కట్టలు మోయడం, వాయిదాలు అడగడం, నాలుగేళ్లకు సొంత వకాలత్ వేయడం. చట్టప్రకారం అయితే ఆ నాలుగేళ్లూ తప్పనిసరి కావు. ఎన్‌రోల్‌మెంటుకు ముందు ఏడాది శిక్షణ ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1995లో నిబంధన తెచ్చింది గానీ, 1999లో సుదీర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే మన దేశంలో లా ఫర్మ్ ట్రైనీ అనేది ఆయా సంస్థలు తమకు తాము చేసుకున్న ఏర్పాటు. ఎక్కువగా ఇంటర్న్‌షిప్‌గా మొదలై, పని నచ్చితే ఉద్యోగం ఆఫర్‌గా మారుతుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే మాత్రం రెండేళ్ల పని అనుభవం తప్పనిసరి. 2021 సెప్టెంబరు నుంచి ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలు కూడా వచ్చాయి. నల్సార్ వంటి చోట్ల నుంచి నేరుగా లండన్ సంస్థల్లో ట్రైనీలుగా వెళ్లినవాళ్లున్నారు. అక్కడి దరఖాస్తుల్లో ఈ 'ఎందుకు' ప్రశ్నకే పెద్దపీట.

మన పిల్లలకు కలిసొచ్చే నిబంధన ఒకటుంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. అందులో ఒక్కసారైనా కింది కోర్టులో వాదించే న్యాయవాది దగ్గర, అప్పీళ్లు వాదించే న్యాయవాది దగ్గర చేసి ఉండాలి. మార్కాపురం కోర్టులో పాతికేళ్లుగా సివిల్ దావాలు నడుపుతున్న న్యాయవాది దగ్గర చేసిన నాలుగు వారాలు ఈ లెక్కలోకి వస్తాయి. చాలామంది దాన్ని సీవీలో చివర, చిన్నక్షరాల్లో పెడతారు. కొందరైతే పెట్టరు కూడా. ఢిల్లీలో పెద్ద సంస్థలో కాగితాలు స్కాన్ చేసిన నెల రోజులు పైన ఉంటాయి. నా మాట వినేవాళ్లు ఈ వరుస తిప్పేయండి. ఒక అమలు పిటిషన్ (ఈపీ)లో డిక్రీ కోసం కోర్టు అమీనా వెంట వెళ్లి జప్తు ఎలా జరుగుతుందో చూసిన విద్యార్థికి, రుణ ఒప్పందంలో తాకట్టు క్లాజు ఎందుకంత జాగ్రత్తగా రాస్తారో చెప్పక్కర్లేదు. మండల న్యాయ సేవాధికార కమిటీ దగ్గర పారాలీగల్ వలంటీరుగా పనిచేసే అవకాశం లా విద్యార్థులకూ ఉంది. లోక్ అదాలత్ రోజున రాజీ కాగితం మీద ఇరువైపులా సంతకాలు పడేదాకా కూర్చున్నవాళ్లకు, బేరం ఎక్కడ తెగుతుందో ఏ పుస్తకమూ చెప్పని విధంగా తెలుస్తుంది.

ఒక లేఖను విప్పి చూద్దాం

కంభం దగ్గరి పల్లె నుంచి వచ్చి విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో నాలుగో ఏడు చదివే అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె మొదట ఇలా రాసింది: 'గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన నాకు భూ సమస్యల మీద చిన్నప్పటి నుంచి ఆసక్తి. మీ సంస్థ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ విభాగంలో పనిచేసి దేశాభివృద్ధిలో పాలుపంచుకోవాలన్నది నా కల.'

ఇందులో అబద్ధం లేదు. కానీ పట్టుకోవడానికి కొస కూడా లేదు. ఏ భూమి? ఏ సమస్య? ఆసక్తితో ఏం చేసింది? దేశాభివృద్ధికి ఈ సంస్థే ఎందుకు? నాలుగు ప్రశ్నలు వేసి కూర్చోబెడితే, అదే అమ్మాయి నోటి నుంచి వచ్చేది వేరేగా ఉంటుంది. ఇంగ్లిషులో రాసేముందు ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పమనండి. అప్పుడు ఇలా వస్తుంది:

'మా మేనమామ వాళ్ల ఊరు వెలిగొండ ప్రాజెక్టు ముంపులో ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ వేరే కుటుంబమే. ఏ తేదీ నాటికి నిండాలన్నదే ఊళ్లో తగువు. రెండో ఏడు సెలవుల్లో నేను ఆ ఊరి పిల్లల పదో తరగతి సర్టిఫికెట్ల తేదీలు, సర్వే జాబితాలోని వయసులు పక్కపక్కన రాసి చూశాను. చాలా చోట్ల పొసగలేదు. ఆ పట్టికను అర్జీకి జత చేసి ఇచ్చాం. పునరావాసం ఆలస్యమైతే అది ముంపు ఊరికొక్కదానికే కష్టం కాదని, కాంట్రాక్టు గడువు, అంచనా వ్యయం అన్నీ మారిపోతాయని అప్పుడు అర్థమైంది. ఒప్పందం రాసేనాడే పునరావాసం బాధ్యత ఎవరిది, ఎప్పటికి అని తేల్చే చోట పనిచేయాలని ఉంది. మీ సంస్థ సాగునీటి, రహదారుల ప్రాజెక్టుల కాంట్రాక్టులు రాస్తుందని తెలిసి దరఖాస్తు చేస్తున్నాను.'

వంద మాటల్లోపే ఉంది. ఆమె ఏం చూసిందో, ఏం చేసిందో, ఎందుకు వస్తోందో మూడూ ఉన్నాయి. ఏడుపు లేదు, పొగడ్త లేదు. పట్టిక అన్న ఒక్క మాట దగ్గర చదివేవాడు ఆగుతాడు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఆమె చేసిన పని కాబట్టి జవాబు తడుముకోదు. చేయని పనిని రాసుకున్నవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

సంస్థ గురించి రాసే చివరి వాక్యానికి కాస్త చెమటోడ్చాలి. ఆ సంస్థ ఏ పనులు చేస్తుందో దాని వెబ్‌సైటు పొగడ్తల్లో దొరకదు. తీర్పుల్లో న్యాయవాదుల పేర్లుంటాయి. కంపెనీల ప్రాస్పెక్టస్‌లలో న్యాయ సలహాదారుల పేర్లు అచ్చేస్తారు. సీనియర్లకు ఫోన్ చేసి 'అక్కా, అక్కడ మొదటేడు ఏం పని ఇస్తారు' అని అడిగితే ఎవరూ విసుక్కోరు. మన వైపు నుంచి వెళ్లినవాళ్లు తక్కువమందే కాబట్టి, అడిగితే మురిసిపోతారు కూడా.

జాలి, జీతం

మన పిల్లలు ఊరిని దాచడం మానేసినప్పుడు ఇంకో గోతిలో పడే ప్రమాదముంది. కరువు, ఫ్లోరైడ్ నీళ్లు, వలస, అప్పులు. అన్నీ నిజమే. హైదరాబాద్, బెంగళూరు పనులకు తరలిపోయిన కుటుంబాలు ఈ మండలాల్లో ఇంటింటా ఉన్నాయి. కానీ ఆ కష్టాన్ని జాలి కోసం పరిస్తే చదివేవాడు నిట్టూర్చి తర్వాతి కాగితం తీస్తాడు. కష్టం గురించి రాయాలంటే అది నీకు ఏం నేర్పిందో రాయాలి. వలస మేస్త్రి దగ్గర నాన్న కూలి లెక్క ఎలా తేలేదో, మధ్యవర్తి కమిషన్ ఎక్కడ దాగేదో చెప్పగలిగితే అది కాంట్రాక్టు చట్టమే. నాన్న కష్టపడ్డాడని మాత్రమే రాస్తే అది నాన్న గొప్పతనం, నీ అర్హత కాదు.

జీతం మాటేమిటి? ఈ ప్రశ్న దగ్గర పిల్లలు సిగ్గుపడతారు. పడక్కర్లేదు. జిల్లా కోర్టులో జూనియర్‌కు మొదటి ఏళ్లలో చేతికి పెద్దగా ఏమీ రాదు. అందుకే 2019 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం పేరుతో కొత్త న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు 5 వేల రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. ఎన్‌రోల్‌మెంటు ఫీజు కొన్ని రాష్ట్రాల్లో 40 వేల దాకా ఉండేది. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో తేల్చి చెప్పాక గానీ ఆ భారం తగ్గలేదు. చదువు కోసం బ్యాంకు అప్పు నెత్తిన ఉన్న పిల్ల లా ఫర్మ్ జీతం కోరుకోవడంలో తప్పేముంది? అదే ఏకైక కారణంగా రాయకూడదు, అంతే. ఎందుకంటే అప్పుడు ఆ సంస్థకూ పక్క సంస్థకూ తేడా లేదు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం దాచకూడదు. 'ఇంటి అప్పు తీర్చాలి సార్, దానితోపాటు ఈ పని నాకు వచ్చు' అని చెప్పిన గొంతులో ఉన్న నిబ్బరం, దేశాభివృద్ధి గురించి మాట్లాడిన గొంతులో ఉండదు.

సంస్థలకూ ఒక మాట. తాతల నాటి నుంచి చాంబర్లున్న ఇంటి పిల్లవాడిని ఎందుకు లాయరు అవుతున్నావని అడిగితే, ఆ ఇల్లే అతనికి జవాబు రాసిపెడుతుంది. కొమరోలు నుంచి వచ్చినవాడు తన జవాబు తానే వెతుక్కోవాలి, అదీ రెండో భాషలో. ఇద్దరి లేఖల నునుపును ఒకే గీటురాయి మీద గీస్తే దొరికేది ఇల్లే తప్ప మనిషి కాదు. కింది కోర్టులో చేసిన ఇంటర్న్‌షిప్ గురించి ఒక ప్రశ్న విడిగా పెడితే చాలా లేఖలు మారిపోతాయి. న్యాయ విద్యావేత్త షమ్నాద్ బషీర్ 2010లో మొదలుపెట్టిన ఐడియా సంస్థ వెనకబడిన పిల్లల్ని క్లాట్ ప్రవేశ పరీక్షకు తయారు చేసి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లోకి పంపుతోంది. గేటు లోపలికి వచ్చాక ఉద్యోగాల వేళ వాళ్లను మళ్లీ మాటల నునుపుతో తూచడం న్యాయం కాదు.

ఎవరి తరఫున?

అన్నిటికంటే బరువైన ప్రశ్న లేఖలో ఉండదు. ఇంటర్వ్యూలో వస్తుంది. ముంపు ఊరి పట్టిక గురించి రాసిన ఆ అమ్మాయిని అడుగుతారు: 'మా క్లయింట్లు ఎక్కువగా కాంట్రాక్టు కంపెనీలు. రేపు అలాంటి ఊరికి ఎదురుగా కూర్చోవాల్సి వస్తే?'

దీనికి సిద్ధపడకుండా ఆ లేఖ పంపకూడదు. 1985లో అప్పటి ప్రకాశం జిల్లాలో, చీరాల దగ్గర కారంచేడులో దళితుల మీద మారణకాండ జరిగినప్పుడు, హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. ఎవరి తరఫున నిలబడాలన్నది ఆయనకు జీతం కన్నా పెద్ద ప్రశ్న. ఇరవై రెండేళ్ల పిల్లను అంత తెగింపు అడగనక్కర్లేదు. కానీ తన గీత ఎక్కడుందో ఆమెకు తెలిసి ఉండాలి. నిజంగా ముంపు ఊళ్ల తరఫునే వాదించాలని ఉంటే, మార్కాపురంలోనో అమరావతిలో హైకోర్టులోనో మంచి సీనియర్‌ను వెతుక్కోవడం మేలు. సంస్థకు రాసే లేఖలో ఆ కోరికను అణచిపెట్టి రాస్తే ఆర్నెల్లకే ఊపిరాడదు. అలా కాకుండా, కంపెనీ పక్కన కూర్చుని ఒప్పందం మొదటి రోజే సరిగ్గా రాస్తే తర్వాత వందల దావాలు తప్పుతాయని ఆమె నమ్మితే, అదీ గౌరవమైన కారణమే. నేనైతే ఆ రెండో నమ్మకం ఉన్నవాళ్లు మన వైపు నుంచి ఎక్కువమంది వెళ్లాలని కోరుకుంటాను. వెలిగొండ ప్రాజెక్టునే చూడండి. శంకుస్థాపన జరిగింది 1996లో. నల్లమల కింద దాదాపు 19 కిలోమీటర్ల చొప్పున తవ్విన రెండు సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఇంత కాలంలో ఎన్నిసార్లు గడువులు మారాయో, ఎన్నిసార్లు అంచనాలు పెరిగాయో, ముంపు ఊళ్లు ఎన్ని అర్జీలు పెట్టాయో ఈ ప్రాంతం పిల్లలకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి కాగితాలు రాసే బల్ల దగ్గర ఇవన్నీ తెలిసిన మనిషి ఒకరైనా ఉండాలి.

కాబట్టి ఆమె జవాబు ఇలా ఉండొచ్చు: 'మా మేనమామ ఊరికి రావాల్సిన పరిహారం ఉన్న ప్రాజెక్టు మాత్రం నాకు ఇవ్వొద్దండి, అది ప్రయోజనాల ఘర్షణ అవుతుంది, చేరేరోజే రాసిస్తాను. మిగతా ప్రాజెక్టుల్లో మీ క్లయింటు తరఫునే పనిచేస్తాను. పునరావాసం క్లాజు మాత్రం ముందు నాకు చూపించండి. అది ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు.'